ఒడంబడికకు ఊరి బలం: వికలాంగుల హక్కుల అమలులో పశ్చిమ కర్నూలు మండలాలు

ప్రత్యేక వ్యాసం

పెద్దకడుబూరు (కర్నూలు జిల్లా): ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికకు భారతదేశం 2007 అక్టోబరు 1న తుది ఆమోదం తెలిపిన విషయం విదితమే. ఆ ఆమోదపత్రం న్యూయార్కులోని ఐక్యరాజ్యసమితి కార్యాలయంలో భద్రపరచబడినది. అయితే అందులోని వాగ్దానం నెరవేరవలసిన చోటు న్యూయార్కు కాదు, ఢిల్లీ కూడా కాదు. ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాల నడుమ గల పెద్దకడుబూరు వంటి మండల కేంద్రాలలోని ఆరోగ్య కేంద్రం, పాఠశాల, తహశీల్దారు కార్యాలయం, గ్రామ సచివాలయం ఆ వాగ్దానానికి అసలైన పరీక్షా స్థలాలు.

అంతర్జాతీయ ఒడంబడికకు ప్రభుత్వం ఇచ్చే ఆమోదం ఒకనాటి సంతకంతో ముగిసిపోయే కార్యం కాదు. చట్టంగా, ఉత్తర్వుగా, నిధిగా, చివరకు కార్యాలయ ద్వారం వద్ద కట్టిన వాలుబాటగా అది మారినప్పుడే సార్థకమవుతుంది. ఈ మార్పు తనంతట తాను రాదు. హక్కును హక్కుగా అడిగే గ్రామస్థాయి సంఘాలు ఉన్నచోట అది త్వరగా వస్తున్నది, లేనిచోట ఆలస్యమవుతున్నది. ఈ నేపథ్యంలో ఒడంబడిక పూర్వాపరాలను, దానికి క్రింది నుండి లభించిన మద్దతును, పశ్చిమ కర్నూలు మండలాలలో అమలుకు సంబంధించిన ప్రత్యేక పరిస్థితులను పరిశీలించడం సముచితం.

పదప్రయోగం గురించి ఒక వివరణ అవసరం. ఒడంబడిక కుదిరిన నాటికి ప్రభుత్వ వ్యవహారంలో వికలాంగులు అన్న మాటే వాడుకలో ఉండేది. తరువాత రాష్ట్రంలో విభిన్న ప్రతిభావంతులు అనియు, కేంద్రంలో దివ్యాంగులు అనియు వ్యవహరించడం మొదలైనది. ఈ వ్యాసంలో ఆయా సందర్భాలను బట్టి ఈ మాటలు వాడబడినవి. పేరు ఏదైనను హక్కు ఒక్కటే.

ఒడంబడిక పూర్వాపరాలు

వికలాంగుల హక్కుల కొరకు ప్రత్యేక ఒడంబడిక ఉండాలన్న ప్రతిపాదనను మెక్సికో దేశం ముందుకు తెచ్చినది. దానిపై 2001 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ ఒక ప్రత్యేక సంఘాన్ని ఏర్పాటు చేసినది. 2002 నుండి 2006 వరకు ఎనిమిది విడతలుగా సమావేశాలు జరిగినవి. ముసాయిదా తయారుచేసిన కార్యవర్గంలో 27 ప్రభుత్వాల ప్రతినిధులతో పాటు 12 స్వచ్ఛంద సంస్థల ప్రతినిధులు కూడా కూర్చున్నారు. ఒక అంతర్జాతీయ ఒప్పందపు తొలి ప్రతిని వ్రాసే బల్ల వద్ద, ఆ ఒప్పందం ఎవరి కొరకో వారికే స్థానం లభించడం అరుదైన విషయం. తమకు సంబంధించిన ఏ నిర్ణయమూ తాము లేకుండా జరుగరాదన్నది నాడు దేశదేశాల వికలాంగుల సంఘాల ఏకైక నినాదం.

2006 డిసెంబరు 13న సర్వప్రతినిధి సభ ఒడంబడికను ఆమోదించినది. 50 అధికరణలు గల ఈ పత్రం 2007 మార్చి 30న దేశాల సంతకాలకు తెరవబడగా, తొలిరోజే 82 దేశాలు సంతకం చేసినవి. వాటిలో భారతదేశం ఒకటి. సంతకం అనగా ఒప్పుదలకు సంసిద్ధత మాత్రమే. ఆ తరువాత జరిగే తుది ఆమోదంతోనే దేశం దానికి చట్టబద్ధంగా కట్టుబడుతుంది. మన దేశం సంతకం చేసిన ఆరు నెలలకే, ఎట్టి మినహాయింపులూ కోరకుండా, ఆమోదం తెలిపినది. ప్రపంచంలో ఆమోదం తెలిపిన మొదటి పది దేశాలలో భారతదేశం ఉండడం గమనార్హం. 20 దేశాల ఆమోదం పూర్తయిన పిమ్మట, 2008 మే 3 నుండి ఒడంబడిక అమలులోనికి వచ్చినది.

ఈ ఒడంబడిక క్రొత్తగా ప్రత్యేక హక్కులను సృష్టించలేదు. అందరికీ ఉన్న హక్కులు వైకల్యం గలవారికి అందకుండా అడ్డుపడే వాటిని తొలగించడమే దాని సారాంశం. వైకల్యమన్నది వ్యక్తి శరీరంలోని లోపం మాత్రమే కాదనియు, ఆ వ్యక్తికి, అతని చుట్టూ ఉన్న అడ్డంకులకు మధ్య ఏర్పడే పరిస్థితి అనియు అది పేర్కొన్నది. కాళ్ళు నడవనివాడు బడికి పోలేకపోవడానికి అతని కాళ్ళతో పాటు బడి మెట్లు కూడా కారణమన్నమాట. దానధర్మాల దృష్టి నుండి హక్కుల దృష్టికి జరిగిన మార్పు ఇదే.

క్రింది నుండి వచ్చిన మద్దతు

ఆరు నెలల స్వల్ప వ్యవధిలో ఆమోదం లభించడం వెనుక కొన్ని ఏళ్ళ ఆందోళన ఉన్నది. 1995 నాటి వికలాంగుల చట్టం కొరకు ఢిల్లీలో ఉద్యమించిన సంఘాలే తరువాత జనగణనపై దృష్టి సారించినవి. 1991 జనగణనలో వైకల్యానికి సంబంధించిన ప్రశ్నే లేదు. లెక్కలో లేనివారికి బడ్జెట్టులో చోటుండదన్న వాదనతో జావేద్ ఆబిదీ తదితరులు గట్టిగా పట్టుపట్టినారు. ఫలితంగా 2001 జనగణనలో ఆ ప్రశ్న చేర్చబడినది. దేశంలో 2.19 కోట్ల మంది వికలాంగులు ఉన్నట్లు అప్పుడు తేలినది. ఒడంబడికపై సంతకం, ఆమోదం కొరకు అడిగినవారికి ఈ అంకె చేతిలో ఆధారమైనది.

నాటి కేంద్ర మంత్రిమండలిలో పట్టణాభివృద్ధి శాఖను నిర్వహించిన ఎస్. జైపాల్ రెడ్డి పోలియో కారణంగా చంకకర్రల సాయంతో నడిచినవారే. తెలుగునాట పుట్టి, దేశ రాజకీయాలలో ఉన్నత స్థానానికి చేరిన ఆయన జీవితం, అవకాశం లభించినచోట వైకల్యం అడ్డుకాదనడానికి ఒక నిదర్శనం. అయితే ఒక వ్యక్తి తన ప్రతిభతో అడ్డంకులను దాటడం వేరు, అడ్డంకులే లేకుండా చేయడం వేరు. ఒడంబడిక కోరినది రెండవది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రిందిస్థాయి కదలిక రెండు మార్గాలలో సాగినది. మొదటిది ప్రభుత్వ కార్యక్రమాల ద్వారా వచ్చినది. ప్రపంచ బ్యాంకు సహాయంతో 2000లో ఆరు జిల్లాలలో ప్రారంభమైన వెలుగు పథకం 2003 నుండి కర్నూలుతో సహా ఇతర జిల్లాలకు విస్తరించి, తరువాత ఇందిర క్రాంతి పథం పేరుతో కొనసాగినది. గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ఆధ్వర్యంలో మహిళా పొదుపు సంఘాల నమూనాలోనే వికలాంగులకు గ్రామ సంఘాలు, మండల సమాఖ్యలు ఏర్పాటైనవి. పొదుపు, అప్పు, ధ్రువపత్రం, పింఛను మొదలైనవి ఆ సంఘాల దైనందిన చర్చాంశాలు. తీర్మానపు పుస్తకం వ్రాయడం, మండల కార్యాలయానికి కలిసికట్టుగా వెళ్ళడం, అధికారితో కూర్చుని మాట్లాడడం అక్కడే అలవడినవి.

రెండవది ఉద్యమ మార్గం. మంద కృష్ణ మాదిగ నాయకత్వంలో వికలాంగుల హక్కుల పోరాట సమితి పింఛను పెంపుదల కోరుతూ రాష్ట్రవ్యాప్తంగా ఆందోళనలు చేసినది. ఆ సంస్థ పేరులోనే హక్కు అన్న మాట ఉండడం గమనించదగినది.

నాటి గ్రామ సంఘాల సమావేశాలలో ఒడంబడిక అన్న మాట ఎక్కువగా వినిపించి ఉండకపోవచ్చును. అక్కడ వినిపించినవి పింఛను, బస్సు పాసు, మూడు చక్రాల బండి, సదరం పత్రం అన్న మాటలు. అయితే ఒడంబడికలోని 28వ అధికరణ చెప్పిన సామాజిక రక్షణ అంటే పింఛనే. 20వ అధికరణ చెప్పిన స్వతంత్ర సంచారం అంటే మూడు చక్రాల బండే. ఊరివారు తమ మాటలలో అడిగినదే జెనీవా, న్యూయార్కు భాషలో అధికరణగా మారినది. అందువలన ఒడంబడిక పేరు తెలియనివారు దానికి మద్దతుదారులు కారని భావించడం సరికాదు.

ఢిల్లీ నుండి గ్రామ పంచాయతీ వరకు

ఒప్పందం కేంద్ర ప్రభుత్వం చేసినది గదా, మండలస్థాయిలో దానితో పనేమిటన్న సందేహం కొందరు ఉద్యోగులలో కలుగడం సహజం. దీనికి సమాధానం రాజ్యాంగంలోనే ఉన్నది. అంతర్జాతీయ ఒప్పందాలను అమలుపరచుటకు ఏ అంశంపైనైనను శాసనం చేయు అధికారం 253వ అధికరణ ద్వారా పార్లమెంటుకు లభించినది. ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితా 9వ అంశం ప్రకారం వికలాంగులకు, పనిచేయలేనివారికి సహాయం రాష్ట్ర ప్రభుత్వ బాధ్యత. 73వ రాజ్యాంగ సవరణ ద్వారా చేరిన పదకొండవ షెడ్యూలులోని 26వ అంశం వికలాంగుల సంక్షేమంతో కూడిన సాంఘిక సంక్షేమాన్ని పంచాయతీలకు అప్పగింపదగిన అంశాలలో చేర్చినది.

ఒడంబడికలోని నాల్గవ అధికరణ 5వ నిబంధన కూడా ఈ సందర్భంలో ముఖ్యమైనది. సమాఖ్య దేశాలలో ఒడంబడిక నిబంధనలు అన్ని భాగాలకు, ఎట్టి పరిమితులు లేకుండా వర్తిస్తాయని అది స్పష్టం చేసినది. అనగా ఆమోదం ద్వారా ఏర్పడిన బాధ్యత ఢిల్లీలోనే ఆగిపోదు. రాష్ట్రం, జిల్లా, మండలం మీదుగా గ్రామ పంచాయతీ దాకా వస్తుంది.

ఈ బాధ్యతకు చట్టరూపం రావడానికి తొమ్మిదేళ్ళకు పైగా పట్టినది. 1995 చట్టాన్ని సవరిస్తే సరిపోతుందా, క్రొత్త చట్టం కావాలా అన్న చర్చలో, క్రొత్త చట్టమే కావాలని సంఘాలు పట్టుపట్టినవి. 2010లో నియమితమైన ముసాయిదా కమిటీకి హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం న్యాయ సహకారాన్ని అందించడం తెలుగువారికి గర్వకారణం. 2014 ఫిబ్రవరిలో రాజ్యసభలో ప్రవేశపెట్టిన బిల్లు 2016 డిసెంబరులో ఉభయ సభల ఆమోదం పొందినది. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 పేరుతో అది 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చినది.

చట్టం ఇచ్చినదేమిటి

1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలు మాత్రమే గుర్తింపబడగా, 2016 చట్టం ఆ సంఖ్యను 21కి పెంచినది. తలసేమియా, హీమోఫీలియా, సికిల్‌సెల్ వ్యాధి, ఆటిజం, పార్కిన్‌సన్స్ వ్యాధి, యాసిడ్ దాడి బాధితులు మొదలైనవి క్రొత్తగా చేరినవి. ప్రభుత్వ ఉద్యోగాలలో రిజర్వేషను 3 శాతం నుండి 4 శాతానికి పెరిగినది. ఉన్నత విద్యాసంస్థలలో 5 శాతం సీట్లు ప్రత్యేకింపబడినవి. 6 నుండి 18 సంవత్సరాల వయస్సు గల, 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం కలిగిన బాలబాలికలకు ఉచిత విద్య హక్కుగా మారినది. వ్యవసాయ భూమి, గృహాల కేటాయింపు పథకాలలోను, పేదరిక నిర్మూలన కార్యక్రమాలలోను 5 శాతం వారికి కేటాయించాలని 37వ సెక్షను నిర్దేశించినది. భూమి, ఇంటి కేటాయింపులలో మహిళలకు ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అందులో ఉన్నది.

సామాజిక భద్రతా పథకాలలో ఇతరులకు ఇచ్చే మొత్తం కంటె దివ్యాంగులకు కనీసం 25 శాతం అధికంగా ఉండాలన్న 24వ సెక్షనులోని నిబంధన గ్రామీణ ప్రాంతానికి అత్యంత ముఖ్యమైనది. వైకల్యం వలన కలిగే అదనపు ఖర్చును చట్టం గుర్తించిందనడానికి ఇదే నిదర్శనం. తోడుగా వచ్చేవారి ఛార్జీ, వారు కోల్పోయే ఒకరోజు కూలి, మందులు, ఉపకరణాల మరమ్మతు వంటివి వృద్ధాప్య పింఛను లెక్కలోనికి రావు. రాష్ట్రంలో 2014 అక్టోబరు 2 నుండి వైకల్య శాతాన్ని బట్టి 1,000 రూపాయలు, 1,500 రూపాయలుగాను, 2019లో 3,000 రూపాయలుగాను ఉన్న నెలసరి పింఛను 2024 జులై 1న జరిగిన పంపిణీతో 6,000 రూపాయలకు పెరిగినది. పూర్తిగా మంచానికి పరిమితమైనవారికి 15,000 రూపాయలుగా నిర్ణయింపబడినది. అదే సందర్భంలో వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు అయినందున, రెండింటి మధ్య వ్యత్యాసం 50 శాతం. ఇది చట్టం కోరిన కనీస స్థాయిని మించినది.

అయితే పింఛను మొత్తం పెరిగిన కొలదీ ధ్రువపత్రంలోని శాతం విలువ కూడా పెరుగుతుంది. 2025లో వైకల్య పింఛనుదారుల ధ్రువపత్రాలను వైద్య బృందాలు పునఃపరిశీలించిన సందర్భంలో పలువురికి నోటీసులు జారీ కావడం, వారికి అప్పీలు అవకాశం కల్పింపబడడం పాత్రికేయులకు తెలిసినదే. అనర్హులను తొలగించడం ప్రభుత్వ ధనానికి రక్షణ. అర్హులు ఒక్కరైనను తొలగిపోకుండా చూడడం ఒడంబడికకు రక్షణ. రెండూ ఏకకాలంలో జరుగవలసినవే. నోటీసు చదువుకోలేనివారికి చదివి వినిపించువారు, అప్పీలు గడువు గుర్తుచేయువారు ఊరిలో ఉన్నప్పుడే రెండవ రక్షణ సాధ్యమవుతుంది. సంఘం అవసరం ఇక్కడే స్పష్టమవుతున్నది.

పశ్చిమ మండలాల ప్రత్యేక పరిస్థితి

2011 జనగణన ప్రకారం దేశంలోని 2.68 కోట్ల మంది వికలాంగులలో 1.86 కోట్ల మంది గ్రామాలలోనే నివసిస్తున్నారు. పదిమందిలో ఏడుగురు గ్రామీణులన్నమాట. కాని వైకల్య నిర్ధారణ, నిపుణ వైద్యం, ఉపకరణాల పంపిణీ వంటివి ప్రధానంగా పట్టణాలలో కేంద్రీకృతమై ఉండడం దేశవ్యాప్త సమస్య. పెద్దకడుబూరు, కోసిగి, కౌతాళం, మంత్రాలయం మండలాలలో ఈ సమస్యకు మరికొన్ని తోడవుతున్నవి.

మొదటిది వలస. వర్షాధార సేద్యంపై ఆధారపడిన ఈ ప్రాంతం నుండి ఏటా వేలాది కూలీలు సుగ్గికి బయలుదేరుతారు. గుంటూరు ప్రాంతపు మిరప కోతలకు, తెలంగాణ జిల్లాల పత్తి తీతకు, బెంగుళూరు వంటి నగరాలకు కుటుంబాలు కదులుతాయి. సుగ్గికి వెళ్ళలేనివారు ఊరిలోనే మిగిలిపోతారు. వారిలో వృద్ధులతో పాటు వైకల్యం గలవారు కూడా ఉంటారు. తోడు వచ్చేవారు లేని నెలలలోనే వైద్య శిబిరం తేదీ రావచ్చును. కుటుంబంతో పాటు వెళ్ళిన బాలుడు భవిత కేంద్రంలో ఫిజియోథెరపీ కోల్పోతాడు. వలస కాలాన్ని దృష్టిలో ఉంచుకొని శిబిరాల తేదీలను నిర్ణయించడానికి ప్రత్యేక నిధులు అవసరం లేదు. ముందుచూపు చాలును.

రెండవది దూరం. 2009-10 కాలంలో ఉమ్మడి రాష్ట్రం ప్రవేశపెట్టిన సదరం విధానం వైకల్య నిర్ధారణను కంప్యూటరీకరించి, ధ్రువపత్రాల జారీలో ఏకరూపత తెచ్చినది. తరువాత దేశవ్యాప్తంగా విశిష్ట గుర్తింపు కార్డు విధానం వచ్చినది. స్లాటు నమోదు గ్రామస్థాయిలోనే జరిగినను, పరీక్ష కొరకు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళవలసినదే. ఆదోని నుండి కర్నూలుకు సుమారు 100 కిలోమీటర్ల దూరం. నడవలేని వ్యక్తికి, తోడు వచ్చే ఒకరికి అది ఒక పూర్తి దినం, ఒక దినపు కూలి. నిపుణుడు అందుబాటులో లేక మరొకసారి రమ్మన్నచో ఖర్చు రెట్టింపు అవుతుంది.

మూడవది అక్షరాస్యత, భాష. పశ్చిమ కర్నూలు మండలాలలో అక్షరాస్యత రాష్ట్ర సగటు కంటె తక్కువ. కర్ణాటక సరిహద్దు కావడం వలన కొన్ని గ్రామాలలో తెలుగుతో పాటు కన్నడం కూడా వాడుకలో ఉన్నది. ఉత్తర్వులోని కార్యాలయ భాష అర్థం కానివారికి ఆ ఉత్తర్వు అందనట్లే. అందుబాటులోని రూపాలలో సమాచారం ఇవ్వాలని ఒడంబడిక 21వ అధికరణ కోరుచున్నది. బ్రెయిలీ, సంజ్ఞాభాషలతో పాటు సులభమైన వాడుక భాష, గ్రామంలో చాటింపు, సంఘ సమావేశంలో చదివి వినిపించడం కూడా ఈ ప్రాంతానికి తగిన రూపాలే.

సంఘానికి చట్టం ఇచ్చిన స్థానం

2016 చట్టంలో పెద్దగా ప్రచారానికి నోచుకోని ఒక అంశం ఏడవ సెక్షనులో ఉన్నది. వైకల్యం గల వ్యక్తిపై దౌర్జన్యం, హింస, దోపిడీ జరిగినను, జరుగవచ్చునని భావించినను, ఏ వ్యక్తి గాని, నమోదైన సంస్థ గాని ఆ ప్రాంతపు కార్యనిర్వాహక మేజిస్ట్రేటుకు తెలియజేయవచ్చును. మండలంలో ఆ అధికారాలు తహశీల్దారుకు ఉన్నవి. బాధితురాలు మాట్లాడలేని యువతి అయినను, మంచం దిగలేని వృద్ధుడు అయినను, వారి పక్షాన సంఘం ఫిర్యాదు చేయవచ్చునన్నమాట. పింఛను సొమ్మును బంధువులే కాజేస్తున్నారన్న ఆరోపణ కూడా దోపిడీ క్రిందికి రాగలదు.

పింఛను, ఉపకరణాలు, ప్రవేశ సౌకర్యం వంటి విషయాలలో న్యాయం జరుగలేదని భావించినవారు రాష్ట్ర కమిషనరును ఆశ్రయించవచ్చును. కమిషనరు చేసిన సిఫారసుపై సంబంధిత అధికారి మూడు నెలలలోగా తీసుకున్న చర్యను తెలియజేయాలని 81వ సెక్షను పేర్కొన్నది. జిల్లాస్థాయి కమిటీల ఏర్పాటుకు 72వ సెక్షను, ప్రత్యేక న్యాయస్థానాలకు 84వ సెక్షను అవకాశం కల్పించినవి. ఇవి ఉన్నవని తెలిసినప్పుడే ఉపయోగపడతాయి. మండల స్థాయిలో వీటి చిరునామాలను నోటీసు బోర్డుపై ప్రదర్శించినచో సగం పని పూర్తయినట్లే.

భవనాల విషయంలో గడువు కూడా దాటిపోయినదన్న సంగతి అధికారులు గుర్తింపవలసి ఉన్నది. చట్టం క్రింద నిబంధనలు 2017 జూన్ 15న ప్రకటింపబడినవి. ఆ తేదీ నుండి ఐదేళ్ళలోగా ప్రస్తుత ప్రజోపయోగ భవనాలన్నీ దివ్యాంగులకు అనువుగా మారవలసి ఉండగా, ఆ గడువు 2022 జూన్‌తో ముగిసినది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, ఆసుపత్రులు, పాఠశాలలు, రైల్వే స్టేషన్లు, బస్టాపులకు ప్రాధాన్యం ఇచ్చి కార్యాచరణ ప్రణాళికను రూపొందించి ప్రచురించాలని 45వ సెక్షను స్థానిక సంస్థలను కూడా ఆదేశించినది.

సర్వోన్నత న్యాయస్థానం కూడా ఈ దిశలో స్పష్టమైన తీర్పులు వెలువరించినది. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో పరీక్షలకు లేఖకుని సహాయం కోరిన అభ్యర్థి విషయమై, సహేతుకమైన వెసులుబాటు నిరాకరించడం వివక్షయే అవుతుందని పేర్కొన్నది. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో, ప్రవేశ సౌకర్య ప్రమాణాలు కేవలం సూచనప్రాయంగా ఉండరాదనియు, తప్పనిసరిగా పాటించవలసినవిగా ఉండాలనియు తీర్పు చెప్పినది. ఆ కేసులో క్షేత్రస్థాయి పరిస్థితిపై నివేదికను సమర్పించినది కూడా నల్సార్ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రమే.

అమెరికా అనుభవం నేర్పేది

ఆమోదం, అమలు ఒకదాని వెంట మరొకటి సహజంగా వస్తాయని అనుకోరాదు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో వికలాంగుల చట్టం 1990లోనే వచ్చినది. ఒడంబడిక రచనకు స్ఫూర్తినిచ్చిన చట్టాలలో అది ఒకటి. ఆ దేశం 2009 జులై 30న ఒడంబడికపై సంతకం చేసినది. కాని 2012 డిసెంబరు 4న సెనేటులో ఓటింగు జరిగినప్పుడు అనుకూలంగా 61, వ్యతిరేకంగా 38 ఓట్లు వచ్చినవి. మూడింట రెండు వంతుల మెజారిటీకి ఐదు ఓట్లు తక్కువైనవి. రెండవ ప్రపంచ యుద్ధంలో గాయపడిన మాజీ సెనేటరు బాబ్ డోల్ చక్రాల కుర్చీలో సభకు వచ్చినప్పటికీ ఫలితం మారలేదు. ఆ దేశం నేటికీ ఆమోదం తెలుపలేదు.

అక్కడ ముందు చట్టం వచ్చినది, ఒడంబడిక నిలిచిపోయినది. మన దేశంలో ముందు ఒడంబడిక వచ్చినది, చట్టం తొమ్మిదేళ్ళ తరువాత వచ్చినది. రెండు దేశాల అనుభవం చెప్పేది ఒక్కటే. ప్రజామద్దతు ఒక ఓటింగు రోజున ప్రదర్శించి ముగించేది కాదు. ఆమోదానికి ముందు ఎంత అవసరమో ఆమోదం తరువాత అంతకంటె ఎక్కువ అవసరం.

మిగిలి ఉన్న అంశాలు

ఒడంబడికతో పాటు ఒక ఐచ్ఛిక అనుబంధ ఒప్పందం కూడా ఉన్నది. దానిని ఆమోదించిన దేశాల పౌరులు, స్వదేశంలో అందుబాటులో ఉన్న మార్గాలన్నీ ముగిసిన పిమ్మట, ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘానికి నేరుగా ఫిర్యాదు చేసుకొనవచ్చును. భారతదేశం ఈ అనుబంధ ఒప్పందంలో చేరలేదు. మన దేశపు తొలి నివేదికను ఆ నిపుణుల సంఘం 2019 సెప్టెంబరులో పరిశీలించినది. అనుబంధ ఒప్పందం విషయంలో నిర్ణయం కేంద్ర ప్రభుత్వ పరిధిలోనిది. అంతవరకు ఇక్కడి తహశీల్దారు కార్యాలయం, జిల్లా కమిటీ, రాష్ట్ర కమిషనరు, న్యాయస్థానం అన్నవే ఫిర్యాదుదారుకు మార్గాలు. బయటి తలుపు లేనప్పుడు ఇంటి తలుపులు తెరిచి ఉండడం మరింత ముఖ్యం.

జనగణన మరొక ముఖ్యాంశం. 2025 జూన్‌లో వెలువడిన ప్రకటన ప్రకారం దేశంలో అత్యధిక ప్రాంతాలకు జనగణన ప్రాతిపదిక తేదీ 2027 మార్చి 1. అది సుగ్గి ముగియని కాలం. మిరప చేల గుడిసెలలో ఉన్న కుటుంబంలోని చెవిటి బాలిక గాని, ఊరిలో ఒంటరిగా మిగిలిన అంధ వృద్ధుడు గాని లెక్కలో తప్పిపోయే ప్రమాదం ఉన్నది. 1991లో ప్రశ్న లేక వికలాంగులు లెక్కకు రాలేదు. ఇప్పుడు ప్రశ్న ఉండి కూడా ఇంటిలో జవాబు చెప్పేవారు లేక తప్పిపోరాదు. గ్రామ సంఘాలు తమ సభ్యుల జాబితాలను ముందుగానే సిద్ధపరచుకొని గణకులకు సహకరించడం మేలు.

స్థానిక సంస్థలలో ప్రాతినిధ్యం మూడవ అంశం. ప్రజాజీవితంలో పాల్గొనే హక్కును ఒడంబడిక 29వ అధికరణ గుర్తించినది. పొరుగున ఉన్న తమిళనాడు రాష్ట్రం 2025లో శాసనం చేసి స్థానిక సంస్థలలో దివ్యాంగులను సభ్యులుగా నామనిర్దేశం చేయుటకు వీలు కల్పించినది. 2024 సార్వత్రిక ఎన్నికలలో 40 శాతం వైకల్యం గల ఓటర్లకు ఇంటి వద్దనే ఓటు వేసే అవకాశాన్ని ఎన్నికల సంఘం కల్పించిన సంగతి విదితమే. ఓటు ఇంటికి వచ్చినది. గ్రామసభకు వారు వచ్చే దారి కూడా ఏర్పడవలసి ఉన్నది.

మండలస్థాయిలో చేయదగినవి

ఈ దిశలో కొన్ని పనులు మండల యంత్రాంగం పరిధిలోనే ఉన్నవి. మండల కార్యాలయాలు, ఆరోగ్య కేంద్రాలు, పాఠశాలల భవనాలను సంఘ ప్రతినిధులతో కలిసి ఒకసారి పరిశీలించి, లోపాల జాబితాను పంచాయతీల అభివృద్ధి ప్రణాళికలలో చేర్చవచ్చును. సదరం శిబిరాల తేదీలను సుగ్గి కాలానికి ముందుగా ఉండేటట్లు ప్రతిపాదించవచ్చును. 5 శాతం కేటాయింపు ఏ పథకంలో ఎంతవరకు అమలైనదో గ్రామసభలో ప్రకటించవచ్చును. నిద్రాణమైన మండల సమాఖ్యలను మేల్కొలిపి, నమోదు చేయించి, ఏడవ సెక్షను గురించి వారికి అవగాహన కల్పించవచ్చును. ప్రతి ఏటా డిసెంబరు 3న జరిపే అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవాన్ని ఆటపోటీలకు, సన్మానాలకు పరిమితం చేయక, ఆ రోజున గత సంవత్సరపు దరఖాస్తుల పరిష్కార వివరాలను చదివి వినిపించడం మంచి సంప్రదాయం కాగలదు.

పాత్రికేయుల పాత్ర కూడా తక్కువైనది కాదు. మూడు చక్రాల బండ్ల పంపిణీ ఫోటో పత్రికలో రావడం మంచిదే. ఆ బండి ఏడాది తరువాత నడుస్తున్నదా, చక్రం విరిగితే మరమ్మతు ఎక్కడ జరుగుతున్నది, దానిపై వచ్చిన వ్యక్తి కార్యాలయం లోపలికి వెళ్ళగలుగుచున్నాడా అన్న ప్రశ్నలతో వ్రాసిన వార్త అంతకంటె మేలు చేస్తుంది.

2007లో దేశం ఇచ్చిన మాట పెద్దకడుబూరు మండలంలోని ప్రతి గడపకు కూడా ఇచ్చిన మాటే. ఆ మాటను నిలబెట్టవలసిన బాధ్యత ప్రభుత్వ యంత్రాంగానిది. దానిని గుర్తుచేస్తూ ఉండవలసిన బాధ్యత గ్రామ సంఘాలది. అడిగేవారు, స్పందించేవారు ఒకే బల్ల వద్ద కూర్చున్నప్పుడే ఈ ఒడంబడికకు నిజమైన ఆమోదం లభించినట్లు భావించవలసి ఉన్నది.